బహుభుజుల అంతరకోణాలు: బోధన చరిత్ర

బహుభుజిలో పక్కపక్క భుజాలు కలిసే చోట లోపలి వైపు ఏర్పడేవి అంతరకోణాలు. భుజాల సంఖ్యలోంచి రెండు తీసివేసి 180తో గుణిస్తే వాటి మొత్తం డిగ్రీలలో వస్తుంది: త్రిభుజానికి 180, చతుర్భుజానికి 360, పంచభుజికి 540. భారతీయ పాఠశాలల్లో దీన్ని సాధారణంగా ఏడు, ఎనిమిది తరగతుల్లో నేర్పుతారు. సూత్రం చాలా పాతది. దాన్ని పిల్లలకు చెప్పే పద్ధతి మాత్రం గత మూడు వందల ఏళ్లలో పలుమార్లు మారింది.

ప్రాచీన కాలం

యూక్లిడ్ (సుమారు క్రీ.పూ. 300) 'ఎలిమెంట్స్' మొదటి గ్రంథం 32వ ప్రతిపాదనలో త్రిభుజ కోణాల మొత్తం రెండు లంబకోణాలని నిరూపించాడు. బహుభుజులన్నిటికీ వర్తించే నియమాన్ని ఆయన అక్కడ చెప్పలేదు. భుజాలను వరుసగా పొడిగిస్తే బయట ఏర్పడే బాహ్యకోణాల మొత్తం నాలుగు లంబకోణాలన్న సంగతిని అంతకు ముందే అరిస్టాటిల్ తర్కశాస్త్ర చర్చలో ఉదాహరణగా వాడుకున్నాడు. క్రీ.శ. 5వ శతాబ్దికి చెందిన ప్రోక్లస్ తన వ్యాఖ్యానంలో ఈ సాధారణ నియమాలను వివరించాడు. త్రిభుజ నియమాన్ని కనుగొన్నది పైథాగరస్ అనుయాయులని ప్రాచీన గణిత చరిత్రకారుడు యూడెమస్ చెప్పినట్టు కూడా పేర్కొన్నాడు. వారి నిరూపణలో శీర్షం గుండా భూమికి సమాంతరంగా గీత గీసి, ఏకాంతర కోణాలు సమానమని చూపుతారు. నేటి పాఠ్యపుస్తకాల్లో ఉన్నది దాదాపు ఇదే.

ప్రోక్లస్ తరువాతి వెయ్యేళ్లలో 'ఎలిమెంట్స్' అరబిక్‌లోకి, దాని నుంచి లాటిన్‌లోకి వెళ్లింది.

మరోవైపు, భారతీయ క్షేత్రగణితం ప్రధానంగా భుజాలు, కర్ణాలు, వైశాల్యాల మీద దృష్టి పెట్టింది. భాస్కరాచార్యుడు 'లీలావతి'లో (1150) వృత్తంలో ఇమిడే సమ త్రిభుజం మొదలు నవభుజి వరకు భుజాల పొడవు కట్టడానికి గుణకాలు ఇచ్చాడు. వ్యాసాన్ని గుణకంతో హెచ్చించి 120000తో భాగించాలి. షడ్భుజి గుణకం 60000 కనుక దాని భుజం వ్యాసంలో సరిగ్గా సగం. కోణాల మొత్తం ప్రసక్తి అందులో లేదు. 18వ శతాబ్దిలో సవాయి జయసింహుని ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్టు యూక్లిడ్ గ్రంథాన్ని అరబిక్ నుంచి 'రేఖాగణితం' పేరుతో సంస్కృతీకరించాడు.

పాఠ్యపుస్తకాల యుగం (1756–1903)

రాబర్ట్ సిమ్సన్ 1756లో వెలువరించిన యూక్లిడ్ ప్రతిలో 32వ ప్రతిపాదనకు రెండు ఉపసిద్ధాంతాలు చేరాయి. అంతరకోణాల మొత్తానికి అందులోని దారి ఇది: బహుభుజి లోపల ఒక బిందువు తీసుకుని అన్ని శీర్షాలకూ కలిపితే, ఎన్ని భుజాలో అన్ని త్రిభుజాలు వస్తాయి. వాటి కోణాల మొత్తంలోంచి బిందువు చుట్టూ ఉన్న నాలుగు లంబకోణాలు తీసివేయాలి. ఫ్రాన్స్‌లో లెజాండ్ర్ 1794లో మరింత సొగసైన దారి పట్టాడు: ఒకే శీర్షం నుంచి కర్ణాలన్నీ గీస్తే భుజాల కంటే రెండు తక్కువ త్రిభుజాలు వస్తాయి, తీసివేతతో పనిలేదు. లోపలికి నొక్కుకున్న శీర్షం ఉంటే అక్కడి కోణాన్ని రెండు లంబకోణాల కంటే పెద్దదిగా లెక్కించాలని కూడా ఆయన హెచ్చరించాడు. నేటి పుస్తకాల్లో ఈ రెండు దారులూ కనిపిస్తాయి. మొదటి దారిలో చివరి 360 తీసివేయడం మరచిపోవడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు.

ఇంగ్లండ్‌లో యూక్లిడ్‌ను కంఠతా పట్టించే పద్ధతిపై అసంతృప్తి పెరిగి 1871లో జ్యామితి బోధనను సంస్కరించేందుకు ఒక సంఘం ఏర్పడింది. చార్లెస్ డాడ్జ్‌సన్ (లూయిస్ కారల్) 1879లో యూక్లిడ్ పక్షాన ఒక పుస్తకం రాశాడు. 1901లో గ్లాస్గోలో జాన్ పెర్రీ కొలతలు, ప్రయోగాల ద్వారా గణితం నేర్పాలని గట్టిగా వాదించాడు. 1903 నాటికి కేంబ్రిడ్జి పరీక్షల్లో యూక్లిడ్ వరుసక్రమం తప్పనిసరి కాకుండా పోయింది. కోణమానిని తరగతి గదిలో స్థిరపడింది ఈ మార్పులతోనే.

మద్రాసు నుంచి ఒక పుస్తకం

ఈ చర్చలు ఇంగ్లండ్‌లో సాగుతుండగానే, 1893లో మద్రాసులో టి. సుందరరావు కాగితం మడతలతో జ్యామితి అభ్యాసాలు చూపే విశిష్టమైన ఆంగ్ల గ్రంథం ప్రచురించాడు. కిండర్‌గార్టెన్ పిల్లలకిచ్చే మడత కాగితాలే తనకు ప్రేరణ అని ఆయన చెప్పుకున్నాడు. చదరపు కాగితంతో మొదలై సమబాహు త్రిభుజం, పంచభుజి, షడ్భుజి, అష్టభుజి, నవభుజి మీదుగా పదిహేను భుజాల ఆకృతి దాకా పుస్తకం సాగుతుంది. సప్తభుజికి మాత్రం విడి అధ్యాయం లేదు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఈ పుస్తకాన్ని ప్రస్తావించడంతో అమెరికాలో బెమన్, స్మిత్ దాన్ని సంస్కరించి 1901లో ముద్రింపజేశారు.

20వ శతాబ్ది, తరువాత

1957లో నెదర్లాండ్స్‌కు చెందిన పియెర్ వాన్ హీలె, డీనా వాన్ హీలె-గెల్డోఫ్ దంపతులు పిల్లల జ్యామితీయ ఆలోచన అంచెలంచెలుగా ఎదుగుతుందని ప్రతిపాదించారు. ఆకారాన్ని చూసి గుర్తుపట్టే దశలో ఉన్న విద్యార్థికి నిరూపణ చెబితే తలకెక్కదని దీని సారం.

1967లో రూపొందిన లోగో కంప్యూటర్ భాష బాహ్యకోణానికి ప్రాధాన్యం తెచ్చింది. అందులో ఆదేశాల ప్రకారం తెరమీద కదులుతూ గీతలు గీసే 'తాబేలు' ఏ కుంభాకార బహుభుజి చుట్టూ తిరిగి మొదటి దిశకు వచ్చినా మొత్తం 360 డిగ్రీలు మళ్లుతుంది. క్రమ పంచభుజి గీయమంటే కొందరు విద్యార్థులు అంతరకోణమైన 108ని ఆదేశంగా ఇస్తారు. తాబేలు తిరగాల్సింది 72 డిగ్రీలే కాబట్టి తెరమీద నక్షత్రమో మరో ఆకారమో కాకుండా, ఐదు అడుగులకు మూసుకోని గీతే మిగులుతుంది. లోగో రూపకర్తల్లో ఒకరైన సీమోర్ పాపర్ట్ 1980లో రాసిన పుస్తకం ఈ పద్ధతికి విస్తృత ప్రచారం కల్పించింది. 2000 తరువాత జియోజీబ్రా వంటి సాఫ్ట్‌వేర్‌లో శీర్షాన్ని పట్టి లాగుతూ, కోణాలు విడివిడిగా మారినా మొత్తం మారకపోవడం చూపడం వీలైంది.

తరగతి గదిలో

సాధారణంగా పాఠం త్రిభుజం మూలలు చింపి ఒక సరళరేఖపై పేర్చడంతో మొదలవుతుంది. తరువాత కోణమానినితో కొలిపిస్తారు. పంచభుజికి ఒకరికి 538, మరొకరికి 543 రావడం మామూలే. కొలత ఎప్పుడూ ఉజ్జాయింపే కనుక, 540 అని తేల్చడానికి కర్ణాలు గీసి త్రిభుజాలు లెక్కపెట్టించే దశ తప్పదు. భుజాలు, త్రిభుజాలు, కోణాల మొత్తం అనే మూడు గళ్ల పట్టిక నింపించి సూత్రాన్ని విద్యార్థుల చేతే చెప్పించడం నేడు ఎక్కువగా అనుసరిస్తున్న క్రమం. ఈ ఒక్క పాఠంలోనే పెర్రీ కోరిన కొలత, సుందరరావు నమ్మిన చేతిపని, లెజాండ్ర్ నిరూపణ మూడింటికీ చోటు దొరుకుతోంది.