పెట్రోల్ దొంగ

ఇటు జరుగు, పొగ నీ దిక్కే వస్తున్నది. ఇంకో రెండు కంపలెయ్యి నెగడుల. ఆఁ, ఇగ చెప్పు. టాంకి నిండ పోయించినా ముల్లు లేస్తలేదంటవా?

మా దినాలల్ల ఈ తిప్పలే లేకుండె బిడ్డా. రాజ్‌దూత్, జావా, బుల్లెట్ దేనికి ముల్లున్నది? మూత తీసి, బండిని అటిటు ఊపి, లోపల గళగళ ఇంటే ఎంతున్నదో చెప్పెటోళ్లం. తొవ్వల బండి దగ్గితె చెయ్యి కిందికి పెట్టి నల్లా తిప్పుడే, రిజర్వుల పడుడే. ఆ నల్లాల గమ్మతు తెలుసా? లోపల సన్న గొట్టం నిలువుగ ఉంటది. ఆన్‌ల పెడితే ఆ గొట్టం కొస నుంచే పెట్రోల్ దిగుతది. మట్టం కొస కంటె తగ్గితే బంద్. రిజర్వుకు తిప్పితే అడుగునున్న బొక్కకెల్లి వస్తది. కరెంటు లేదు, వైరు లేదు. కాని మల్ల ఆన్‌కు తిప్పుడు మరిచినోడు దొబ్బుకుంటనే ఇల్లు చేరెటోడు. నేను గూడ రెండుమాట్లు దొబ్బిన, నీ నాయినమ్మను ఎనకసీటు మీదికెల్లి దించి.

1984, 85ల జపానోళ్ల పొత్తుతోని 100 సీసీ బండ్లు దిగినయి. అటెన్క అటెన్క బండ్లకు ముల్లు రావట్టింది. నేనప్పుడు వరంగల్‌ల ఒక ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తున్న. ఒక పంతులు సారు మొకం మాడ్చుకొని వచ్చిండు. "మా తమ్ముడు రాత్రిపూట నా బండిల పెట్రోల్ గుంజుతున్నడు" అన్నడు. మాపటికి నింపితే ముల్లు పైన ఉంటదట, తెల్లారి చూస్తే అడుగున. అన్నదమ్ములకు మాటల్లేవు. సారు అలిగి బడికి బస్సుల పోతున్నడు.

ఉస్తాద్ నవ్వలే. మూత తీసిండు. మెడదాక పెట్రోల్! సదువుకున్నోడు గద, ముల్లునే నమ్మిండు, మూత తీసి చూడలే.

మూత మల్ల బిగించి, తాళం ఆన్ చేపించి, టాంకి కిందున్న సెండర్ వైరు పీకి బండి బాడీకి ఇట్ల తాకించి అట్ల తీసిండు. ముల్లు టక్కున పైకి లేచింది. కొన్ని బండ్లకు ఉల్టా ఉంటది, తాకిస్తే కిందికి పడతది. ఎటైనా కదిలితే చాలు. "మీటరు మంచిగనే ఉన్నది, వైరు మంచిగనే ఉన్నది. లోపలోడే అబద్ధమాడుతున్నడు" అన్నడు.

పెట్రోలంత వంచి సెండర్ ఊడదీసిండు. సన్న తీగె చెయ్యి, దాని కొసకు నిమ్మకాయంత ఇత్తడి బుడ్డి. బుడ్డి తేలితె చెయ్యి లేస్తది, తీగె చుట్ల మీద జారుతది, కరెంటు ఎంత పోవాల్నో అదే చెప్తది. ఉస్తాద్ దాన్ని నా చెవి కాడ ఊపిండు. లోపల పెట్రోల్ పలుకుతున్నది! వేడినీళ్ల గిన్నెల ముంచితే అతుకు కాడ ఆవగింజలంత బుడగలు, ఒకదాని ఎంబడి ఒకటి. పెట్రోల్ రాత్రంత ఆ సందుల నుంచి లోపలికి ఊరుడు, తెల్లారేసరికి బుడ్డి మునుగుడు.

మాటు పెట్టుమంటే ఉస్తాద్ ఒప్పుకోలే. బొక్క పెద్దగ చేసి, లోపలిది వంచి, వేడినీళ్లతోని కడిగి, రెండొద్దులు ఎండల పెట్టిండు. వాసన బొత్తిగ పోయినంకనే నిప్పు. మాటు గూడ ఈగ రెక్కంత పలసగ పెట్టిచ్చిండు. బరువైతే మల్ల మునుగుతదట.

సారు తమ్మునికి తప్పయిందని చెప్పలే. కాని ఆ దసరకు ఇద్దరు ఒక్క బండి మీదనే జమ్మికి పోయిన్రు, నేను చూసిన.

నీ టాంకికి కొత్తగ రంగు కొట్టిచ్చినవు గద? నాకు దాని మీదనే అనుమానం. రంగు అడ్డమొస్తే ఎర్త్ పట్టది. పొద్దుగాల సెండర్ బోల్టుల కాడ గర్కు కాయితంతోని గీకి చూద్దాం. ఇప్పుడొద్దు. ఏదీ, చేతులు కడుక్కున్నవా? ఇంత వాసనొస్తున్నది... జరంత ఎనకకు కూసో, మంటకు దూరంగ.