ఐదో షెడ్యూలు తలుపుకు గడియ ఎంత?

హైదరాబాద్‌లో గోపన్‌పల్లి చుట్టుపక్కల అద్దాల మేడలను చూపించి, విదేశీ పెట్టుబడి అంటే భయం దేనికని అడిగేవారికి జవాబు చెప్పడం తేలిక కాదు. ఒకప్పుడు రాళ్లగుట్టలూ కంచెలూ ఉన్న చోట ఇవాళ వేలమందికి జీతాలొస్తున్నాయి. కానీ ఈ వాదనలో ఒక మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ వెళ్లిపోతే మేడ మిగులుతుంది, మరొకరు అద్దెకొస్తారు. బొగ్గూ బాక్సైటూ బండికెక్కాక మిగిలేది గొయ్యే. నేల మీద వ్యాపారానికి ఇచ్చే వెసులుబాటు నేల కింద సొత్తుకు ఇవ్వకూడదు. అది ఇవ్వడానికి రాజ్యాంగాన్నే సడలిస్తామంటే ఒప్పుకోకూడదని నేనడానికి కారణం ఈ నగర చరిత్రలోనే ఉంది.

1886లో నిజాం ప్రభుత్వం తన రాజ్యంలోని గనుల హక్కును ఇద్దరు ఆంగ్లేయులకు రాసిచ్చింది. దాని మీద లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. పది పౌన్ల చొప్పున లక్ష వాటాలు. అందులో 85 వేలు హక్కు సంపాదించినవారికే, చిల్లిగవ్వ కట్టకుండా. బేరం నడిపిన నిజాం అధికారి అబ్దుల్ హక్ సర్కారు తరఫున 12 పౌన్ల చొప్పున పదివేల వాటాలు కొన్నాడు. అమ్మినవాడూ ఆయనే! గుట్టు రట్టయ్యాక, 1888లో విచారణకు కూర్చున్నది హైదరాబాద్ దర్బారు కాదు, బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ. ఆ కంపెనీ లేకుంటే ఇల్లెందు బొగ్గు ఇంకెన్నాళ్లు మట్టిలో ఉండేదో అనేవారున్నారు, అందులో నిజముంది. కానీ 1920లో సింగరేణి కాలరీస్‌గా మారిన ఆ గనుల్లో అధిక వాటాను నిజాం ప్రభుత్వం 1945లో డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. ఒక సంతకంతో పోయింది చేతికి రావడానికి 59 ఏళ్లు పట్టింది. ఆ సంతకాన్ని అడ్డుకునే రాజ్యాంగం అప్పుడు లేదు.

తర్వాత వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని కాపాడే ఐదో షెడ్యూలు, దాని కింద గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించిన 1970 నాటి ఒకటో నంబరు నిబంధన. అయినా విశాఖ మన్యంలో అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. భూమి సర్కారుది, సర్కారు ఎవరికైనా ఇచ్చుకోవచ్చునన్నది వారి తర్కం. సమత సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో చెప్పిన తీర్పులో కీలకమంతా ఒక్క మాటలో ఉంది: నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న పదంలోకి ప్రభుత్వమూ వస్తుంది. కనుక ఆ లీజులు చెల్లవు. గనులే వద్దంటే దేశం ఎలా బతుకుతుందని తీర్పును తప్పుబట్టినవారు దాన్ని సరిగా చదవలేదు. ప్రభుత్వ సంస్థలూ గిరిజన సహకార సంఘాలూ తవ్వుకోవచ్చునంది. నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల కోసం పక్కన పెట్టమంది.

తీర్పును మార్చలేక రాజ్యాంగాన్నే మార్చాలని చూశారు. 2000 జూలైలో కేంద్ర గనుల శాఖ ఐదో షెడ్యూలును సవరించాలంటూ ఒక రహస్య నోట్ తయారుచేసింది. గనుల్లోకి విదేశీ పెట్టుబడికి తలుపులు తెరుస్తున్న రోజులవి. నోట్ బయటికి పొక్కింది, ఆందోళనలు రేగాయి. 2001 గణతంత్ర దినం ముందురోజు ప్రసంగంలో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గనుల వల్ల గిరిజనులకు జరిగే నష్టాన్ని దేశం ముందుంచారు. సవరణ ఆగింది. చాలామంది గమనించని సంగతొకటి ఇక్కడ చెప్పాలి. ఆ షెడ్యూలులోని ఏడో పేరా ప్రకారం పార్లమెంటు దాన్ని మామూలు చట్టంతోనే మార్చవచ్చు. 368వ అధికరణం అడిగే ప్రత్యేక మెజారిటీ అక్కర్లేదు. తలుపు టేకుదే, గడియ మాత్రం దారప్పోగు.

తలుపు తీయకుండానే దొడ్డిదారి వెతికినవారూ ఉన్నారు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అరబ్ ఎమిరేట్స్‌లోని రస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది: తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, వాడుకునేది మాకవరపాలెంలో వారి భాగస్వామ్యంతో కట్టే ఆన్రాక్ కర్మాగారం. మన్యం ఒప్పుకోలేదు, బాక్సైట్ కదలలేదు. రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ భారత్‌ను అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి లాగింది. దీని పక్కన గోపన్‌పల్లి పొరుగునే ఉన్న కంచ గచ్చిబౌలి కథను పెట్టి చూడండి. 2003లో క్రీడల పేరిట ఐఎంజీ భారత అనే కంపెనీకి అక్కడ 400 ఎకరాలిచ్చిన రాష్ట్రం 2006లో రద్దు చేసుకుంది. ఏళ్ల తరబడి నడిచినా ఆ వివాదం మన హైకోర్టులో, మన సుప్రీంకోర్టులోనే తేలింది. విదేశీయుడు చెడ్డవాడని నేననడం లేదు. తప్పు దిద్దుకోవలసి వచ్చినప్పుడు ఏ గుమ్మం ఎక్కాలన్నదే నా ప్రశ్న. అబ్దుల్ హక్ బేరం తేలింది లండన్‌లో. ఏడో పేరా మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.