కడితమును చేతిఫోనును
ఆదోని ప్రత్తి బేరగాండ్రు చేయవలసిన పనులను చేతిఫోనున వ్రాసికొని, తీరినవానిని తుడిచివేయుట చూచి క్రొత్త విద్య యనుకొందుము. తెలుగు కన్నడ సీమల కరణములును వర్తకులును పూర్వము కడితమున నిట్లే చేసిరి. నూలుగుడ్డకు చింతగింజల జిగురును బొగ్గుపొడియుఁ బూసి, మడతలు పెట్టి, బలపముతో వ్రాసెడివారు. తుడిచి మరల వ్రాయవచ్చును. దాని పొడవు 12 మొదలు 18 అడుగులని విల్క్సు దొర 1810లో వ్రాసెను. శిస్తును బాకీయు నెక్కు చోటది. ఇల్లాలి పని కచ్చటఁ దావు లేదు.

ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారల సహకార సంఘము మగ్గమునకు గౌరవము తెచ్చినది. కండెలు చుట్టు చేతుల లెక్క మాత్రము ఇంటిలోనే నిలిచెను. చేతిఫోను పట్టికను ఇంటిల్లిపాదియుఁ జూడవచ్చును. ఆ యూర నొక యింట నీళ్లు పట్టు పనికెదుట కొడుకు పేరుండెను. అత్తగారు దానిని తుడిపించి కోడలి పేరు పెట్టించిరి. మరునాఁడు కొడుకే మరల తన పేరు వ్రాసికొనెను.