మందు ఒక అమానతు

స్వస్థతను ప్రసాదించే అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



మన తెలుగులో ‘మందు’ అనే మాట ఎంత చిత్రమైనదో ఆలోచించండి. జ్వరానికి వేసుకునేది మందు. పత్తి చేనులో పురుగును చంపేది మందు. తుపాకిలో దట్టించేది మందు. సారా దుకాణంలో పోసేదీ మందే. ప్రాణం నిలిపేదానికీ, ప్రాణం తీసేదానికీ, బుద్ధిని చెరిపేదానికీ మన పెద్దలు ఒకే పేరు పెట్టారు. ఏది ఏదన్నది నిర్ణయించేవి మోతాదు, ఇచ్చే చేయి, పుచ్చుకునేవాని ఉద్దేశం. ఈ మూడూ అదుపు తప్పినప్పుడు ఏం జరిగిందో చరిత్ర చెబుతుంది. ఆ చరిత్రలో మన పాలమూరు గడ్డకూ ఒక అధ్యాయం ఉంది.

ముందుగా ధర్మం మాట. ఎడారి పల్లెవాసులు కొందరు వచ్చి, రోగానికి చికిత్స చేయించుకోవచ్చునా అని అడిగినప్పుడు, దైవప్రవక్త (సఅసం) చేయించుకోమనే ఆదేశించారు. వృద్ధాప్యానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ ఔషధాన్ని కల్పించాడని తెలిపారు. హజ్రత్ తారిఖ్ బిన్ సువైద్ (రజి) మద్యాన్ని మందుగా వాడతామని విన్నవించుకున్నప్పుడు మాత్రం, అది ఔషధం కాదు, స్వయంగా ఒక రోగమని హెచ్చరించారు. ఈ రెండు ఉల్లేఖనాలూ నదికి రెండు ఒడ్ల వంటివి. చికిత్స మానడం మన మార్గం కాదు. చికిత్స పేరిట మత్తులో మునగడమూ మన మార్గం కాదు.

హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్) కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు మత్తు పానీయాన్ని నిరాకరించి ఆ బాధను ఓర్చుకున్నారన్న వృత్తాంతం మీరెరిగినదే. ఆ సహనం ఆయన ఘనత. దానిని సాకుగా చూపి బాధపడే రోగిని ఊరకే ఓర్చుకొమ్మనే హక్కు మనకు లేదు. అవయవాన్ని తొలగించే వేళ మొద్దుబార్చే మూలికలు వాడటానికి మన ఫుఖహాలు అనుమతి ఇచ్చారు. అత్యవసరం నిషిద్ధానికి దారి విడుస్తుందన్నది షరీఅత్ సూత్రం. ఆ సడలింపు అవసరం ఉన్నంత మేరకేనన్నది దానికి జంట సూత్రం. మొదటి సూత్రాన్ని గుర్తుంచుకొని రెండవదాన్ని మరచిన చోటనే వ్యసనం పుడుతుంది.

మన పూర్వ విద్వాంసులు ఈ ప్రమాదాన్ని వెయ్యేండ్ల కిందటనే గుర్తించారు. ఇబ్నె సీనా (980–1037) తన వైద్య గ్రంథం ‘ఖానూన్’లో నొప్పికి కారణాన్ని తొలగించడం వేరు, నొప్పి తెలియకుండా మొద్దుబార్చడం వేరు అని విడమరచారు. మొద్దుబార్చే ద్రవ్యాలలో నల్లమందును అత్యంత బలమైనదిగా ఎంచారు. ఆయన సమకాలికుడు అల్ బిరూనీ ఔషధాలపై రాసిన గ్రంథంలో మరింత సూటిగా మాట్లాడారు. వేడి ప్రాంతాలలో, ముఖ్యంగా మక్కాలో, కొందరు బాధలు మరవడానికి రోజూ నల్లమందు తింటారనీ, కొద్దిపాటితో మొదలుపెట్టి ప్రాణాంతకమైన మోతాదు దాకా పోతారనీ నమోదు చేశారు. నేటి వైద్యులు ‘టాలరెన్స్’ అంటున్నది ఇదే. నిన్నటి మోతాదు నేటికి చాలదు, నేటిది రేపటికి చాలదు.

పాలకులు ఆనాడు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ముస్లిం నగరాలలో ‘ముహ్‌తసిబ్’ అనే అధికారి బజారులోని తూకాలతో పాటు మందుల అంగళ్ళనూ తనిఖీ చేసేవాడు. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన అష్షైజరీ ఆ అధికారుల కోసం రాసిన గ్రంథంలో మందులు అమ్మేవారి కల్తీలను, నల్లమందులో జరిగే కల్తీతో సహా, ఎలా పట్టుకోవాలో వివరించారు. వర్తకుడు అమ్మేది సరుకు కావచ్చు, దానిలో ఉన్నది మాత్రం మరొకరి ప్రాణం. అందువల్లనే మందును వారు అమానతుగా చూశారు.

ఇక మన దక్కను చరిత్రకు వద్దాం. మన ఆత్మకూరు 2016లో వనపర్తి జిల్లాలో చేరేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. పాలమూరు పట్టణానికి 1890లో ఆ పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది. సరిగ్గా ఆ రోజులలోనే నొప్పి నివారణ చరిత్రలో హైదరాబాదు ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. శస్త్రచికిత్సకు ముందు మత్తునిచ్చే క్లోరోఫామ్ 1847 నుండి వాడుకలో ఉంది. అది వాడిన రోగులు కొందరు బల్లమీదనే హఠాత్తుగా చనిపోయేవారు. కారణం తేల్చడానికి హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫామ్ కమిషన్ ఏర్పడింది. 1889లో రెండవ కమిషన్‌కు నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు సమకూర్చగా, లండన్ నుండి ‘లాన్సెట్’ పత్రిక డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి పంపింది. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరు.

శ్వాసను గమనిస్తూ ఇస్తే చాలు, క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపదని కమిషన్ తీర్పు చెప్పింది. నిజాం మరణించిన 1911లోనే లెవీ అనే పరిశోధకుడు అది గుండెను నేరుగా ఆపగలదని నిరూపించాడు. కమిషన్ సభ్యుల చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. అయినా ‘ఇది పూర్తిగా సురక్షితం’ అన్న మాట వారి జ్ఞానాన్ని మించిపోయింది.

ఆ మాట చరిత్రలో మళ్ళీ మళ్ళీ వినబడుతుంది. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో జర్మనీలో నల్లమందు నుండి మార్ఫిన్‌ను వేరుచేశారు. 1898లో బేయర్ సంస్థ హెరాయిన్‌ను దగ్గు మందుగా, మార్ఫిన్ కన్నా నిరపాయకరమైనదిగా అమ్మింది. 1996లో అమెరికాలో పర్డ్యూ ఫార్మా సంస్థ ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రను, దానికి అలవాటుపడే అవకాశం తక్కువన్న ప్రచారంతో మార్కెట్లోకి తెచ్చింది. ఆ సంస్థ 2007లోనూ, 2020లోనూ న్యాయస్థానంలో నేరం అంగీకరించింది. 1999 తరువాతి రెండు దశాబ్దాలలో అమెరికాలో నల్లమందు జాతి మందుల మోతాదు మించి మరణించినవారు దాదాపు ఐదు లక్షల మంది. వారిలో ఎందరో వీధిలో మత్తు కొన్నవారిగా మొదలుకాలేదు. నడుము నొప్పితోనో, పంటి నొప్పితోనో వైద్యుని గడప తొక్కినవారు.

నిద్రమందుల చరిత్ర కూడా ఇదే బాట పట్టింది. 1869లో లీబ్‌రైక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా ప్రవేశపెట్టాడు. 1963లో డయాజెపామ్, 1981లో అల్ప్రజోలం అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. వైద్యుని పర్యవేక్షణలో, కొద్ది రోజులకు, అవి నిజంగా ఉపకరిస్తాయి. ఈ మూడు పేర్లూ మన పాలమూరుకు ఎలా పరిచయమయ్యాయో తెలుసా? కల్లు కుండ ద్వారా! తాటి, ఈత చెట్లు ఇచ్చే కల్లు గిరాకీకి చాలక, నీళ్ళలో తీపి కలిపి, మత్తు కోసం మొదట క్లోరల్ హైడ్రేట్, ఆపైన డయాజెపామ్, అల్ప్రజోలం కలపడం తెలంగాణ జిల్లాలలో పాతుకుపోయింది. పగలంతా నాట్లు వేసి, రాళ్ళు మోసి, నడుము పట్టేసిన కూలీ మనిషి ఒళ్ళు నొప్పులు మరవడానికి సాయంత్రం తాగేది కల్లు అనుకున్నాడు. నిజానికి అతడు చీటీ లేకుండా, మోతాదు తెలియకుండా మందు మింగుతున్నాడు.

2015 సెప్టెంబరులో ఆ సంగతి బట్టబయలైంది. ఆబ్కారీ దాడుల వల్ల మత్తు కలిపిన కల్లు హఠాత్తుగా ఆగిపోగానే మహబూబ్‌నగర్, నిజామాబాద్ వంటి జిల్లాలలో వందలాది మంది వణుకుతో, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. మెదడును శాంతపరిచే కళ్ళెం ఒకటి అల్లాహ్ మన లోపలే అమర్చాడు. రోజూ బయటి మందు ఆ పని చేస్తుంటే లోపలి కళ్ళెం సడలిపోతుంది. బయటి మందు ఒక్కసారిగా ఆగితే పట్టుకునేది ఏదీ ఉండదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించినప్పుడు పరీక్షలలో బయటపడిందీ అల్ప్రజోలమే.

సోదరులారా! కల్లు కాంపౌండు వైపు మనం తొంగిచూడం కదా అని ఎవరైనా నిశ్చింతగా ఉండవచ్చు. కాని ఆ కుండలో కలిసిన మందే వెండి రేకు చుట్టుకొని మన ఇళ్ళలోకి వచ్చినప్పుడు దానిని గుర్తుపడుతున్నామా? ఎప్పుడో ఒక వైద్యుడు పది రోజులకు రాసిన నిద్రమాత్రను పదేళ్ళుగా మింగే అమ్మీజాన్ మన ఇళ్ళలో లేదా? సెంట్రింగు పనికి పోయే పిల్లవాడు నొప్పి గోలీ పడనిదే నిచ్చెన ఎక్కలేని స్థితి మనం చూడలేదా? మద్యం ముట్టనివాడు కూడా మత్తుకు లోబడవచ్చు. మత్తునిచ్చే ప్రతిదానితో పాటు ఒళ్ళును, బుద్ధిని మందగింపజేసే దానిని కూడా దైవప్రవక్త (సఅసం) వారించారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. చికిత్స అవసరం తీరిన తరువాత కేవలం మైకం కోసం కొనసాగే మాత్రకు ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

అలాగని ఈ రోజే ఇంట్లోని మాత్రలన్నీ పారవేయకండి. 2015 నాటి పాఠం అది కాదు. దివ్య ఖుర్ఆన్ మద్యాన్ని ఒక్కరోజులో నిషేధించలేదు. ముందు దాని లాభం కన్నా కీడు పెద్దదని తెలిపింది, తరువాత మత్తులో నమాజుకు చేరువ కావద్దంది, చివరకు పూర్తిగా నిషేధించింది. మానవ స్వభావాన్ని సృష్టించినవాని వివేకం అది. అలవాటుపడిన శరీరాన్ని కూడా వైద్యుని సలహాతో, మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ విడిపించాలి. అతణ్ణి గదిలో బంధించి తాళం వేయడం, అతని మందులు దాచిపెట్టడం, నలుగురిలో అవమానించడం ప్రాణానికే ముప్పు. వ్యసన విముక్తి కోసం 14446, మానసిక వైద్య సలహా కోసం 14416 అనే ఉచిత ఫోన్ నంబర్లు ఉన్నాయి. పరువు పోతుందని ఆగకండి. సహాయం కోరడంలో పాపం లేదు.

మందుల దుకాణం నడిపే సోదరులకు ఒక మాట. అల్ప్రజోలం, ట్రమడాల్ వంటి మందులను 2014 మార్చి నుండి అమలైన హెచ్1 షెడ్యూలులో చేర్చారు. చీటీ లేనిదే అమ్మరాదు. వైద్యుని పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేండ్లు భద్రపరచాలి. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా తెచ్చారు. ఆ రిజిస్టరును అధికారుల కోసం రాసే లెక్కగా భావించకండి. నాటి ముహ్‌తసిబ్ వచ్చి చూసినా, రేపు ప్రళయదినాన అల్లాహ్ అడిగినా చూపవలసిన అమానతు లెక్క అది. వైద్యం నేర్వకుండా వైద్యం చేసేవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సఅసం) తీర్పు. కౌంటరు వెనుక నిలబడి అడిగిందల్లా ఇచ్చేవారు, ప్రతి నొప్పికీ సూది వేసేవారు దీనిని తమకు అన్వయించుకోవాలి.

మరొక వైపు కూడా మరువరాదు. క్యాన్సరుతో మంచం పట్టినవానికి మార్ఫిన్ ఇవ్వడం వ్యసనం కాదు, కరుణ. 1985 నాటి చట్టం కాఠిన్యం వల్ల అటువంటి రోగులకు అది అందక ఎంతోకాలం విలవిలలాడారు. 2014 సవరణ ఆ దారిని సుగమం చేసింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ ఉపశమన వైద్యం అందుతోంది. ‘అలవాటైపోతుంది’ అన్న భయంతో మన వృద్ధులను చివరి రోజులలో నొప్పికి వదిలివేయకండి.

క్లోరోఫామ్ గదిలోనూ, కల్లు కుండలోనూ, వెండి రేకులోనూ చరిత్ర చెప్పింది ఒక్కటే. తెలిసినవాని చేతిలో, కొలతతో, అవసరం మేరకు ఉన్నంతకాలం మందు అల్లాహ్ కారుణ్యం. ఆ చేయీ, ఆ కొలతా, ఆ అవసరమూ తొలగితే అదే మందు యజమాని అవుతుంది, మనిషి దాసుడవుతాడు. అల్లాహ్‌కు తప్ప మరెవరికీ దాస్యం చేయనని రోజుకు ఐదుసార్లు నమాజులో నిలిచేవాడు ఒక మాత్రకు దాసుడు కారాదు.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. వ్యసనంలో చిక్కినవారికి విముక్తి మార్గం చూపు. వారి పట్ల మా హృదయాలను మెత్తబరచు. మందులు ఇచ్చే చేతులలో భయభక్తులు నింపు. ఆమీన్.