పటం మీద పొరలు: హైస్కూల్ పిల్లలకు జీఐఎస్ పరిచయం

2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన ఉన్న గుర్రం చెరువు కట్ట తెగి, నీళ్లు హాఫిజ్ బాబా నగర్ ఇళ్లలోకి వచ్చేశాయి. ఆ రోజుల్లోనే పల్లె చెరువు నీళ్లు అలీ నగర్‌ను ముంచాయి. వరద అన్ని గల్లీలనూ ఒకేలా ముంచదు. ఎక్కడ నిలుస్తుందో చెప్పాలంటే చెరువు ఎక్కడుందో తెలిస్తే చాలదు. నేల ఎత్తుపల్లాలు, నాలా వెళ్లే దారి, దాని పక్కన కట్టిన ఇళ్లు, ఇవన్నీ ఒకే పటం మీద ఒకదానిపై ఒకటి పెట్టి చూడాలి. అలా చూసే పద్ధతే భౌగోళిక సమాచార వ్యవస్థ. అందరూ వాడే పొట్టి పేరు జీఐఎస్.

ఫోన్లో దారి చూపించే మ్యాప్ పిల్లలందరికీ తెలుసు. జీఐఎస్ అంతకంటే ఒక అడుగు ముందుకు వెళ్తుంది. ఇందులో పటం మీది ప్రతి గుర్తు వెనుక ఒక పట్టిక ఉంటుంది. ఒక బోరింగ్ గుర్తు మీద నొక్కితే దాని లోతెంత, పనిచేస్తోందా లేదా, నీళ్లు తాగొచ్చా అన్నవి కనిపిస్తాయి. "నాలాకు 50 మీటర్ల లోపు ఉన్న బడులు ఏవి?" అని అడిగితే లెక్క కట్టి చూపిస్తుంది. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ ఆ దేశపు భూముల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనితో దీనికి పునాది వేశారు.

అయితే ఈ ఆలోచన కంప్యూటర్ కంటే పాతది. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే డాక్టర్ మృతుల ఇళ్లను పటం మీద గుర్తు పెడితే, అవన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు చుట్టూ గుమిగూడి కనిపించాయి. పిల్లలకు చెప్పాల్సిన అసలు సంగతి మరొకటి ఉంది. ఆ పంపుకు దగ్గర్లోనే ఉన్న ఒక పేదల ఆశ్రమంలో వందల మంది ఉన్నా చనిపోయినవాళ్లు చాలా తక్కువ. కారణం వెతికితే అక్కడ సొంత బావి ఉందని తేలింది. పటంలో గుంపు ఎక్కడుందో చూడటం ఎంత ముఖ్యమో, గుంపు ఉండాల్సిన చోట ఎందుకు లేదో అడగడం కూడా అంతే ముఖ్యం.

క్లాసులో మొదలుపెట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ట్రేసింగ్ పేపర్ చాలు. ఒక కాగితం మీద బస్తీ రోడ్లు, రెండో దాని మీద నాలాలు, మూడో దాని మీద వానకు నీళ్లు నిలిచే చోట్లు గీయించాలి. మూడింటికీ ఒకే రెండు గుర్తులు, అంటే మసీదు మినార్, బస్టాప్ లాంటివి, కచ్చితంగా కలవాలి. కలవకపోతే పొరలు పక్కకు జరిగిపోతాయి. జీఐఎస్‌లో పాత పటాన్ని కొత్తదానితో కలిపేటప్పుడూ చేసేది ఇదే. 1908 మూసీ వరద తర్వాతి సంవత్సరాల్లో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన హైదరాబాద్ పటాలను ఇలాగే నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి, ఎక్కడ ఏం మారిందో చూడొచ్చు.

తర్వాత పాఠం అక్షాంశ రేఖాంశాలు. చార్మినార్ సుమారు 17.3616 ఉత్తర అక్షాంశం, 78.4747 తూర్పు రేఖాంశం మీద ఉంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి, చుక్క తర్వాత నాలుగో అంకె ఒకటి మారితే తేడా సుమారు 11 మీటర్లు. ఈ రెండు సంఖ్యలను తారుమారు చేసి రాయడం కొత్తవాళ్లు చేసే మామూలు పొరపాటు. అలా రాస్తే చార్మినార్ నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మధ్య తేలుతుంది! ఇది ఒకసారి స్క్రీన్ మీద చూసిన పిల్లలు మళ్లీ మర్చిపోరు.

జీఐఎస్‌లో వివరాలు రెండు రకాలుగా నిలువ ఉంటాయి. బోరింగ్ ఒక చుక్క, నాలా ఒక గీత, చెరువు ఒక మూసిన ఆకారం. వీటిని వెక్టర్ అంటారు. ఉపగ్రహ చిత్రం, నేల ఎత్తు లాంటివి చిన్న చిన్న గళ్లుగా ఉంటాయి, అది రాస్టర్. ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో చాలావరకు ఒక గడి 30 మీటర్లు. అంటే ఒక గడిలోనే పది ఇళ్లు ఇమిడిపోవచ్చు. బస్తీ మొత్తం పల్లంలో ఉందా అని అది చెప్పగలదు గానీ, ఫలానా ఇంటి గడప దాకా నీళ్లు వస్తాయా అన్నది చెప్పలేదు. రంగురంగుల పటం చూడగానే నమ్మేయకుండా "దీని గడి ఎంత? ఎప్పటి డేటా?" అని అడిగే అలవాటు మొదటి నుంచే చేయించాలి.

సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. క్యూజీఐఎస్ పూర్తిగా ఉచితం, మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. పిల్లలు ఫోన్‌తో సేకరించిన అక్షాంశ రేఖాంశాలను ఎక్సెల్ షీట్‌లో రాసి, సీఎస్‌వీగా దాచి అందులోకి ఎక్కించొచ్చు. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ పోర్టల్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. దాన్ని నడిపే జాతీయ దూర సంవేదన కేంద్రం ఉన్నది మన హైదరాబాద్‌లోనే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఖాతా తెరిచి, తమ మొహల్లాలో పేరు లేని గల్లీని, గుర్తు లేని బడిని తామే చేర్చొచ్చు. ఉన్నది ఉన్నట్టు చేర్చాలి, ఊహించి కాదు.

పెద్దవాళ్లు ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ఇంటివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరింట్లో జబ్బు ఉందో అన్నవి పిల్లల పటంలో పెట్టనివ్వకూడదు. జబ్బుల లెక్క తీయాలంటే ఇల్లిల్లూ కాకుండా గల్లీ మొత్తానికి ఒక సంఖ్య చాలు.

ఇష్టపడిన పిల్లలకు ముందు దారి ఉంది. సీబీఎస్ఈ 11, 12 తరగతుల్లో జియోస్పేషియల్ టెక్నాలజీని నైపుణ్య సబ్జెక్టుగా పెట్టింది, కాకపోతే అన్ని బడుల్లో చెప్పరు, కనుక్కోవాలి. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది. ఎంటెక్ స్థాయిలో జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ప్రత్యేక విభాగమే ఉంది. పదో తరగతిలో త్రికోణమితి, నిరూపక జ్యామితి అధ్యాయాలను పరీక్ష కోసం బట్టీ పట్టకుండా అర్థం చేసుకున్నవాళ్లకు ఈ చదువు తేలికగా పట్టుబడుతుంది.