ఆల్జీబ్రా రాకుండా కాల్క్యులస్

ఎమ్మెస్ చదివే రోజుల్లో ఓ వేసవిలో నాకు టీఏ పని దొరికింది. కాల్క్యులస్‌లో చేరబోయేవాళ్ళకి అయిదు వారాల్లో ప్రీకాల్క్యులస్ మొత్తం తిరగేయించాలి. ఫంక్షన్లు, లాగరిథమ్‌లు, సైన్, కాస్.. మనం ఇంటర్ ఫస్టియర్‌లో చదివిన సరుకే. "ఇదీ ఒక కోర్సేనా?" అని లోపల నవ్వుకున్నా. ఎంపీసీ పొగరు ఎక్కడికి పోతుంది!

ఈ బాధ కొత్తదేం కాదని తర్వాత తెలిసింది. మామూలు ఆల్జీబ్రా సరిగ్గా రాకుండానే పిల్లలు కాల్క్యులస్ మీద పడుతున్నారని ఆయిలర్ 1748లోనే వాపోయాడు. అందుకోసమే 'ఇంట్రొడక్షియో' అని లాటిన్‌లో రెండు భాగాల పుస్తకం వేశాడు. డిఫరెన్షియల్ కాల్క్యులస్ మీద ఆయన పుస్తకం ఆ తర్వాత ఏడేళ్ళకి, 1755లో గానీ రాలేదు. ముందుది కాబట్టి తేలిక పుస్తకం అనుకునేరు! అనంత శ్రేణులతో చెమటలు పట్టిస్తుంది.

సరే, నేను అసలు చెప్పాలనుకున్నది బర్కిలీ సంగతి. 1970ల్లో యూరీ ట్రీస్‌మన్ అక్కడ గ్రాడ్యుయేట్ విద్యార్థి. ఫస్టియర్ కాల్క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకంతమంది తప్పుతున్నారని అడిగితే అధ్యాపకులు తలో కారణం చెప్పారు. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో డబ్బుల్లేవు, పట్టించుకునే పెద్దలు లేరు. మనం బగ్ వెతికినట్టు ఆయన ఒక్కో కారణాన్నీ పరీక్షించి చూశాడు. ఏదీ నిలబడలేదు. అప్పుడు ఇరవై మంది నల్లజాతి విద్యార్థులు, ఇరవై మంది చైనీస్ అమెరికన్ విద్యార్థులు ఎలా చదువుతున్నారో వాళ్ళ వెంటే తిరిగి గమనించాడు.

మొదటివాళ్ళు హోంవర్క్ బుద్ధిగానే చేస్తున్నారు, కానీ ఎవరి గదిలో వాళ్ళు, ఒంటరిగా. రెండోవాళ్ళు రాత్రిళ్ళు ఒకచోట చేరి ఒకళ్ళ లెక్క ఇంకొకళ్ళు దిద్దుకుంటున్నారు, పాత పేపర్లు చేస్తున్నారు. (మన హాస్టల్లో పరీక్షల ముందు జరిగేదీ ఇదే కదా.)

ట్రీస్‌మన్ పెట్టిన మందు ఏంటంటే.. రిమీడియల్ క్లాసు కాదు! తమ హైస్కూళ్ళలో ఫస్టు వచ్చిన పిల్లలు అలాంటి క్లాసుకి ఎందుకొస్తారు? గుంపులుగా కూర్చోబెట్టి, క్లాసులో ఇచ్చేవాటికంటే కష్టమైన లెక్కలు ఇచ్చాడు. తప్పేవాళ్ళు బాగా తగ్గారు. 1992లో ఆయన ఈ కథంతా ఒక వ్యాసంగా రాశాడు.

నేను ఆ వ్యాసం చదివింది మా వేసవి కోర్సు అయిపోయాక. అప్పటికే తేలిక వర్క్‌షీట్లు ఇచ్చి, "మాట్లాడకుండా ఎవరిది వాళ్ళు చేసుకోండి" అని అయిదు వారాలూ గడిపేశా. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చే ఒకాయన ఉండేవాడు, నాకంటే పెద్దవాడు. మూడోవారంలో, "గుణకారం లాగ్‌లోకి వచ్చేసరికి కూడిక ఎందుకవుతుంది?" అని అడిగాడు. ఫార్ములా బోర్డు మీద రాసి గుర్తుపెట్టుకోమన్నా. నాలుగోవారం నుంచి రాలేదు.

ఆయన చివరి వర్క్‌షీట్ నా దగ్గరే ఉండిపోయింది. పదికి తొమ్మిది వేశాను.