చీజ్ వ్యాపారి సూట్‌కేసు

వెనిస్, 2023 అక్టోబర్. గ్రాండ్ కెనాల్ ఒడ్డున కళాసేకర్త పెగ్గీ గుగెన్‌హైమ్ కాపురమున్న ఇల్లు. ఇప్పుడు మ్యూజియం. లోపల కళాకారుడు మార్సెల్ డ్యూషాం ప్రదర్శన.

ఇలా రండి. గాజు బల్లలో లూయీ విట్టన్ తోలు సూట్‌కేసు, నలభై సెంటీమీటర్లుంటుంది. మందుల కంపెనీ రెప్ శాంపిళ్లు పరిచినట్టు, ఆయన కళలో ముఖ్యమైనదంతా బుల్లి నకళ్లుగా 69 అంశాలు. నడుమ నిలబెట్టింది ‘లార్జ్ గ్లాస్’. ఫిలడెల్ఫియాలో ఉన్న అసలుది తొమ్మిదడుగుల గాజు. ఇక్కడ చిన్న సెల్యులాయిడ్ నకలు. దాని పక్కనే నిలువు వరసలో మూడు వస్తువులు: పైన పారిస్ గాలి పట్టిన గాజుబుడ్డి, మధ్యలో టైప్‌రైటర్ ముసుగు, అడుగున పింగాణీ యూరినల్.

ఆ యూరినల్‌ని కాస్త వంగి చూడండి. 1917లో దుకాణం సరుకు మీద ‘ఆర్. మట్’ అని సంతకం పెట్టి, ‘ఫౌంటెన్’ అని పేరిచ్చి ప్రదర్శనకి పంపాడు. కళాకారుడి చెయ్యి పడితేనే కళా అన్నది ఆయన పేచీ. అసలుది పోయింది, ఫొటో మిగిలింది. ఇరవయ్యేళ్లకి, ఈ పెట్టె కోసం, అదే మనిషి కాగితపు గుజ్జుతో దాని నమూనా తన చేత్తోనే మలిచి కుమ్మరికిచ్చాడు. చెయ్యి పెట్టని వస్తువుకి చేత్తో చేసిన నకలు! నవ్వుకునే చేసి ఉంటాడు.

పెట్టెలో ఇంకా, అటూ ఇటూ జరిగే పలకలు, అడుగున నల్ల అట్టలకి అంటించిన బొమ్మలు. రంగులు ప్రెస్సులో పడ్డవి కావు. స్టెన్సిళ్లు మార్చి మార్చి చేత్తో అద్దించినవి. అందుకే 1935లో మొదలైన పని, మొదటి పెట్టె తయారయ్యేసరికి 1941 అయింది. తోలు సూట్‌కేసుతో ఇరవై. తర్వాతి మామూలు పెట్టెలతో కలిపి మూడొందల దాకా.

1941లో పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. డ్యూషాం తెలిసిన చీజ్ వ్యాపారి ద్వారా పాసు సంపాదించి, చీజ్ కొనేవాడిలా రైలెక్కి, ఈ పెట్టెల సరుకుని విడతలవారీగా, జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌కీ ఆక్రమించని భాగానికీ నడుమ గీసిన రేఖ దాటించాడు. అక్కణ్ణుంచి అది పెగ్గీ ఇంటి సామానుతో కలిసి న్యూయార్క్ చేరింది. మీ ముందున్న ఒకటో నంబరు ఆవిడ పేరిట ఇచ్చినదే.

నిజానికిది ఒక్కో అట్టా తీసి పరుచుకుని చూడాల్సిన పెట్టె. మనకా భాగ్యం లేదు, గాజు అడ్డం. ఫ్లారెన్స్‌లో దీన్ని బాగుచేసిన నిపుణులు మాత్రం అన్నీ బయటికి తీసి, తిప్పి తిప్పి చూశారు. డ్యూషాం కోరుకున్నట్టు దీన్ని వాడినవాళ్లు, ఈమధ్య కాలంలో, వాళ్లేనేమో.